ర్ర ఆగితే చక్రం ఆగాలి

పెళ్ళికి ముందు మా ఆయన నన్ను వాళ్ళ నాన్నకు చూపించడానికి తీసుకెళ్ళిన రోజున, ఆ పెద్దమనిషి నన్ను వంట వచ్చా అని అడగలేదు, ఏం చదివావని అడగలేదు. "ఏదీ అమ్మాయ్, ఒకసారి నాలుక ఆడించు. ర్ర్ర్ర్ అను" అన్నారు. ముసలాయనకు మతిగాని చలించిందా అని నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊపిరంతా గుండెలోకి లాక్కుని, మామయ్య టీ తాగడం అయిపోయేదాకా ర్ర్ర్ర్ అంటూనే కూర్చున్నాను. కప్పు కింద పెట్టి, "పనికొస్తుంది" అన్నారాయన. నా గురించి ఆయన చెప్పిన మంచిమాట ఈ పదకొండేళ్ళలో అదొక్కటే.

మా ఇంటిల్లిపాదీ చేసేది పొగగొట్టాల పని. ఇటుకలతో కట్టిన పాత పొగగొట్టాలు లోపల సున్నం రాలి, ఇటుకలు వదులైపోతాయి. లోపలికి దిగి మసి గోకి, సందులు పూడ్చి రావాలి. మా ఆయన బయటి నిచ్చెన మీంచి కొసదాకా ఎక్కి, అక్కడ బిగించిన గిలక మీదుగా తాడుకు వేలాడే చిన్న పీటమీద నడుముకు బెల్టు బిగించి కూర్చుంటాడు. ఆ తాడు రెండో కొస బయటివైపునుంచి దిగివచ్చి నా దగ్గరున్న చక్రానికి చుట్టుకుని ఉంటుంది. చక్రం పెట్టేది నేలమీద, పొగగొట్టం అడుగున మసి తీయడానికి ఉండే ఇనప తలుపు పక్కన. నేను పిడి తిప్పితే ఆయన లోపల దిగుతాడు. చక్రం అంచుకు పళ్ళుంటాయి, వాటిలో కొక్కెం పడితే అది కదలదు. ఆయనకు నేను కనపడను, నాకు ఆయన కనపడడు. నూటయాభై అడుగుల తాడు, దాని ఒక చివర నా మొగుడు, ఇంకో చివర నా చేతులు.

పొగగొట్టంలో మాట బతకదు. ఆపు అన్నా, దింపు అన్నా, దేవుడా అన్నా, అడుగుకొచ్చేసరికి ఒకటే హోరు. ఈల వేద్దామంటే మసికి పెదాలు ఎండిపోయి గాలి తప్ప ఏమీ రాదు. వాకీటాకీలు కూడా కొన్నాం. అవి లోపల బరబరమనడం తప్ప ఒక్క పనికొచ్చే మాట కూడా మోసుకురాలేదు. పైగా ఒక చేత్తో తాడు, ఒక చేత్తో తాపీ పట్టుకున్నవాడు దాని మీట దేంతో నొక్కాలి? నాలుక కొసను పై పళ్ళ వెనక ఆడించే ర్ర్ర్ర్ మాత్రం ఎంత ఎత్తునుంచైనా స్పష్టంగా వస్తుంది. దానికి చేతులక్కర్లేదు, నోట్లో కాస్త తడి ఉంటే చాలు. మా ఇంట్లో దాన్ని 'ర్ర పెట్టడం' అంటారు. చిన్నప్పుడు బళ్ళో నేర్పించి, తర్వాత ఎవరూ రాయకుండా వదిలేసిన బండి ఱ ఒకటుండేది. అది పుస్తకాల్లో పోయినా మా పొగగొట్టాల్లో బతికే ఉందని నేను మా ఆయనతో హాస్యమాడేదాన్ని.

నియమం ఒక్కటే. ర్ర వినపడినంతసేపూ చక్రం తిప్పు, దింపడమైనా పైకి లాగడమైనా. ర్ర ఆగితే చక్రం ఆపు. ఎందుకాగిందని ఆలోచించకు, ముందు ఆపు. పనిచేసుకోవడానికి ఆగాడా, ఊపిరి తీసుకోవడానికి ఆగాడా, కళ్ళు తిరిగి పడిపోయాడా, అది తర్వాత సంగతి. స్పృహ తప్పినవాడు కేక వెయ్యలేడు కదా, అందుకని మౌనమే కేక అని ఈ పద్ధతి పెట్టారట మామయ్య తండ్రి. మొదటి ఏడాది నేను చెవితో విని, బుర్రతో ఆలోచించి, చేత్తో ఆపేదాన్ని. తర్వాత మధ్యలో బుర్ర తప్పుకుంది. ర్ర వస్తే చెయ్యి కదులుతుంది, ర్ర పోతే చెయ్యి ఆగుతుంది. నేను పక్కవాళ్ళతో పోట్లాడుతున్నా సరే దాని పని అది చేసుకుపోతుంది.

ఆ రోజు పని ఒక పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లన్నీ అక్కడికే ఉతకడానికి వస్తాయి. బాయిలర్ ఆపి అప్పటికి మూడు రోజులైంది. లాండ్రీ ఓనరమ్మ గంటకోసారి వెనక పెరట్లోకి వచ్చి, "ఏమ్మా, సాయంత్రానికి నిప్పు పెట్టుకోవచ్చు కదూ? లోపల దుప్పట్లు కప్పుదాకా పేరుకుపోయాయి" అని నా ప్రాణం తోడేస్తోంది. పెట్టుకోవచ్చనే ముందురోజు మాటిచ్చాం. మా ఆయన దవడపన్ను సంగతి అప్పటికి నాకు తెలీదు.

ఆ పన్ను రెండు రోజులుగా సలుపుతోందట. నాకు చెప్పలేదు. చెప్తే అరుస్తానట. ఆ రోజు పొద్దున లేచేసరికి చెంప గుమ్మడికాయంత అయింది. చెయ్యిపట్టి లాక్కెళ్ళి పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోబెట్టాను. ఒక ఇంజక్షనుకు మొద్దుబారకపోతే రెండోది ఇచ్చి, పన్ను పీకి, దూది కరిపించి పంపించారు. "మూడు నాలుగు గంటలు నాలుక, పెదవి తెలీవు. వేడివి తాగకండి, కొరుక్కుంటారు" అన్నారు డాక్టరు. పొగగొట్టంలోకి దిగకండి అని ఆయనెందుకు అంటారు? మా బతుకు ఇదని ఆయనకేం తెలుసు?

లాండ్రీకి వచ్చాక మా ఆయన ర్ర పెట్టి చూశాడు. రాలేదు. నాలుక ఒక పక్కకు ఒరిగిపోయి, ల కీ ళ కీ మధ్య ఏదో ముద్దగా వచ్చి, చొంగ కారింది. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వబోయాడు గాని పెదవి సగమే నవ్వింది. అరగంట ఆగి మళ్ళీ చూశాడు. అంతే. ఈలోగా ఓనరమ్మ రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

"రెండు గంటల పని మిగిలింది" అన్నాడు, ముద్దముద్దగా. "ఇవాళ్టికి నియమం తిరగేద్దాం. సుత్తితో గోడమీద మూడు దెబ్బలు కొడితే దింపడం మొదలుపెట్టు. రెండు కొడితే ఆపు. మధ్యలో చప్పుడు లేకపోతే అంతా బాగున్నట్టు."

"చప్పుడు లేకపోతే బాగున్నట్టా? ఎవరు చెప్పారు మీకు? మీరు లోపల కళ్ళు తేలేస్తే నేను తాపీగా దింపుతూ కూర్చోనా?"

"ఎందుకు తేలేస్తాను? మూడు రోజులుగా దిగుతున్నానా లేదా?"

"మామయ్యను అడుగుదాం."

"నాన్ననా? ఆయన ఒప్పుకోడు. తెల్లారేదాకా ఉపన్యాసం చెప్తాడు."

మామయ్య అక్కడే ఉన్నారు, పది అడుగుల దూరంలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని సున్నం జల్లిస్తున్నారు. నలభై ఏళ్ళు సుత్తి దెబ్బలు విని విని ఆయన చెవులు దాదాపు పోయాయి. మొహం మీద మొహం పెట్టి అరిస్తే తప్ప వినపడదు. ర్ర వస్తోందో లేదో ఆయనకు తెలిసే అవకాశమే లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. పెద్దాయన పక్కనే ఉండగా, పెద్దాయన తండ్రి పెట్టిన నియమాన్ని తలకిందులు చేశాం. నేను ఇంకాసేపు అరిచాను, తర్వాత విసుగొచ్చి, "మీ ఇష్టం, మీ ఖర్మ" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నోరు నాకే చేదవుతుంది.

మొదటి గంట బాగానే గడిచింది. పై భాగంలో జానెడు జానెడు దింపడమే. టక్ టక్ టక్ అంటే నాలుగు పళ్ళు తిప్పడం, టక్ టక్ అంటే ఆపడం. అయినా నా చెయ్యి సుఖంగా లేదు. తిప్పిన ప్రతిసారీ అర చుట్టుకే బిగుసుకుపోతోంది. భుజంతో తోసి తిప్పుతున్నాను. మసి తలుపులోంచి చల్లగాలి, సున్నపు పొడి తప్ప ఏమీ రావడంలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ పొగగొట్టం నాకు ఖాళీగా అనిపించింది. ఆయన లోపల లేడేమో, నేను ఉత్త తాడును దింపుతున్నానేమో అని ఒక పిచ్చి ఊహ.

తర్వాత మధ్య భాగం వచ్చింది. అక్కడ ఇరవై అడుగులు ఇటుక గట్టిగానే ఉందని ముందురోజే చూసుకున్నాడు. అంటే ఆపకుండా ఇరవై అడుగులు దింపెయ్యాలి. టక్ టక్ టక్ వినిపించింది. కొక్కెం తీశాను. తిప్పాను.

చెయ్యి కదల్లేదు.

చప్పుడు లేదు. చప్పుడు లేకపోతే ఆపాలి. చప్పుడు లేకపోతే బాగున్నట్టు. ఈ రెండు మాటలూ నా లోపల కొట్టుకుంటున్నాయి. ఒక పన్ను తిప్పి ఆగాను, ఇంకో పన్ను తిప్పి ఆగాను. తాడు అదిరింది. పైన పీట ఊగుతుందని, ఇలా కుదుపులతో దింపితే గోడకు కొట్టుకుంటాడని నాకు భయమేసింది. సాఫీగా తిప్పాలి. ఎలా తిప్పాలో చేతికి తెలుసు గాని దానికి కావలసింది దొరకడంలేదు. అప్పుడు, నేను అనుకుని చేసింది కాదు, నా నాలుక దానంతటది లేచి పళ్ళ వెనక ఆడటం మొదలుపెట్టింది.

ర్ర్ర్ర్ర్ర్.

చెయ్యి వెంటనే కదిలింది. నూనె పోసినట్టు తిరిగింది. అమ్మయ్య అనుకున్నాను. గుండె కుదుటపడింది. ఊపిరి అయిపోతే గబుక్కున పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన లోపలే ఉన్నాడని, ఎప్పటిలాగే దిగుతున్నాడని నా ఒంటికి నమ్మకం కలిగింది. చక్రం తేలిగ్గా తిరుగుతోంది. ఇవాళ చెయ్యి బాగా సాగుతోందే అని మురిసిపోయాను కూడా. దేవుడా, చక్రం తేలికైందని మురిసిపోయాను! బరువు పోతే కదా తేలికయ్యేది? ఆయన బరువు ఏమైందని అడగాల్సిన బుర్ర పదేళ్ళ కిందటే పక్కకు తప్పుకుంది.

ఎన్ని చుట్లు తిప్పానో తెలీదు. ఇనప తలుపు లోపల ధనామని ఏదో పడింది. ఉలిక్కిపడ్డాను. నా ర్ర తెగింది, చెయ్యి ఆగింది, కొక్కెం పడింది. వంగి చూస్తే మసి గుంటలో మా ఆయన సుత్తి.

టార్చి తీసుకుని తలుపులో తల దూర్చి పైకి వేశాను. కళ్ళనిండా మసి పడింది. తుడుచుకుని మళ్ళీ చూశాను. దూరంగా ఆయన బూట్ల అడుగులు కనిపించాయి. పీట పక్కకు ఒరిగి ఉంది. ఆయన కాళ్ళ కిందికి తాడు ఇంత పొడవున వేలాడుతోంది, ఊగుతోంది. తాడు ఉండాల్సింది ఆయనకు పైన. కింద ఒక్క మూర కూడా ఉండకూడదు.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. గోడలో ఎప్పటిదో ఒక పాత ఇనప కమ్మీ పొడుచుకుని ఉంది. పీట అంచు దానిమీద తగులుకుంది. ఆయన అక్కడే ఆగిపోయాడు. నేను ఆగలేదు. పదో పన్నెండో అడుగుల తాడు ఆయనమీద పోశాను. ఇప్పుడు ఆయన్ని పట్టుకున్నది తాడు కాదు, ఆ తుప్పు కమ్మీ ఒక్కటే. అది ఊడితే పన్నెండడుగులు పడతాడు, అప్పుడు తాడు బిగుసుకుంటుంది. నడుము విరుగుతుందో, బెల్టు తెగుతుందో. చూస్తుండగానే కమ్మీ చుట్టూ ఉన్న సున్నం పొడిపొడిగా రాలి నా మొహం మీద పడుతోంది.

"ఏమండీ!" అని అరిచాను. హోరు. ఆయన కూడా ఏదో అన్నాడు. హోరు. అసలే మొద్దుబారిన నోరు, ఆపైన పొగగొట్టం. అది నా పేరైనా కావచ్చు, వద్దు అనైనా కావచ్చు.

నా వాలకం చూసి మామయ్య లేచి వచ్చారు. "ఏమైందే?"

"ఇరుక్కున్నారు మామయ్యా! తాడు వదులైపోయింది!" ఆయన చెవిలో అరిచాను.

మామయ్య మొహం పాలిపోయింది. అడిగిన మొదటి మాట, "ర్ర పెడుతున్నాడా?"

లేదని తల ఊపాను.

"పెట్టకపోతే నువ్వెలా దింపావే?"

వంగి, మసి గుంటలో పడున్న సుత్తి చూపించాను. ఓనరమ్మ అప్పుడే వచ్చి సంగతి చూసి, అగ్నిమాపకం వాళ్ళకు ఫోన్ చేస్తానని పరుగెత్తింది. వాళ్ళు రావడానికి ఎంత లేదన్నా అరగంట. మసి గుంటలో సున్నపు బెడ్డలు ఒకటొకటే పడుతూనే ఉన్నాయి.

"చుట్టెయ్. మెల్లగా చుట్టెయ్" అన్నారు మామయ్య. చుట్టాలని నాకూ తెలుసు. ఆ పోసిన తాడు వెనక్కి లాగాలి. కాని అది ఎక్కడెక్కడ చుట్టుకుని ఉందో? కాలికి ఉచ్చు పడి ఉంటే లాగగానే తలకిందులవుతాడు. మెడకు పడి ఉంటే? ఆయన రెండు చేతులతోనూ కమ్మీని పట్టుకుని ఉంటాడు. సుత్తి నా దగ్గరుంది. నాలుక లేదు. ఆగు అని నాకు చెప్పే దారి ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు.

పిడి పట్టుకుని నిలబడ్డాను. తిప్పితే చంపుతానేమో, తిప్పకపోతే చస్తాడేమో. జీవితంలో అంత భయం నేనెరుగను. అయ్యో, అమ్మో అని ఏడవడానికి కూడా ఊపిరి రాలేదు.

అప్పుడు పొగగొట్టంలోంచి ఆ చప్పుడొచ్చింది.

గర్ర్ర్ర్ర్. గొంతు లోపల్నుంచి, కొండనాలుక కొట్టుకుంటున్నట్టు, బరకగా. పీక నులిమితే వచ్చే చప్పుడు. తాడు మెడకు బిగుసుకుందని, అది ఆయన ఆఖరి ఊపిరని అనుకున్నాను. నేను పెట్టిన కేకకు మామయ్య కూడా అదిరిపడ్డారు. నా కేక అయ్యాక కూడా అది వస్తూనే ఉంది. ఆగింది. ఊపిరి తీసుకున్నంతసేపు ఆగి, మళ్ళీ వచ్చింది. అంతే పొడవు, అంతే ఎత్తు. మళ్ళీ ఆగింది. మళ్ళీ వచ్చింది.

చచ్చిపోతున్నవాడు అంత లెక్కగా ఊపిరి తియ్యడు. నా కంటే ముందు నా చేతికి అర్థమైంది. పుక్కిలించేవాళ్ళు, గుర్రు పెట్టేవాళ్ళు చేసే ఆ చప్పుడుకు నాలుక కొస అక్కర్లేదు, పెదాలక్కర్లేదు. ఇంజక్షను అంత లోపలిదాకా పోలేదు. మా ఆయన గొంతుతో ర్ర పెడుతున్నాడు.

ఒక పన్ను చుట్టాను. గర్ర్ర్ర్. రెండు. మూడు. గర్ర్ర్ర్. నాలుగో పన్ను సగంలో చప్పుడు ఠక్కున తెగింది. చెయ్యి ఠక్కున ఆగింది. లోపల ఏదో రాపిడి, బూటు గోడకు తగిలిన చప్పుడు. ఉచ్చులోంచి కాలు తీసుకుంటున్నాడని అనుకున్నాను, అనుకోవడమే, చూసిందేమీ లేదు. పిడి పట్టుకుని మళ్ళీ ఆ చప్పుడు వచ్చేదాకా నేను బతికి లేను. వచ్చింది. చుట్టాను. ఆగింది, ఆగాను. వచ్చింది, చుట్టాను. మధ్యలో ఒకసారి ఆయన దగ్గి, ఉమ్మి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఆ చప్పుడు చిరిగిపోతున్నట్టుంది. ఆపకండి, మీకు పుణ్యముంటుంది ఆపకండి, అని గొణుక్కుంటూ తిప్పాను. పెదాలు మాత్రం గట్టిగా బిగించి గొణిగాను, నా నాలుక మీద నాకిక నమ్మకం లేదు.

ఉన్నట్టుండి పిడి బరువెక్కింది. ఆ బరువు నా భుజాల్లోకి దిగగానే నాకు ఏడుపొచ్చింది. తాడు బిగిసింది. ఇంకో రెండు పళ్ళు చుట్టేసరికి పీట కమ్మీమీంచి లేచింది. లేవగానే కమ్మీ ఊడింది. గోడలకు కొట్టుకుంటూ కిందికొచ్చి మసి గుంటలో సుత్తి పక్కన పడింది. రెండు పళ్ళ తేడా. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో వేసుకున్నారు.

మిగిలిన దూరమంతా ఆ గొంతు చప్పుడుతోనే దింపాను. మసి తలుపులోంచి ముందు కాళ్ళు, తర్వాత నడుము, తర్వాత తల. మనిషి మనిషిలా లేడు. కళ్ళూ, పళ్ళ దగ్గర నెత్తురూ తప్ప అంతా నలుపు. మోకాలి దగ్గర చర్మం లేచిపోయింది. నేను పిడి వదల్లేకపోయాను. వేళ్ళు ముడుచుకుపోయి విడిరాలేదు. మామయ్యే కొక్కెం వేసి, నా వేళ్ళు ఒకటొకటే ఊడదీశారు. అగ్నిమాపకం వాళ్ళు అప్పటికింకా రాలేదు.

"సుత్తి జారిపోయిందా వెధవా?" అని కొడుకు మీద విరుచుకుపడ్డారాయన. "చేతిలో సుత్తి నిలుపుకోలేనివాడివి, ర్ర లేకుండా దిగడమేంట్రా? అది పిచ్చిది, నువ్వు చెప్పావని దింపింది. నీ బుద్ధి ఏమైంది?"

మా ఆయన నా వైపు చూశాడు. గొంతు పోయి మాట రావడంలేదు. తల ఊపాడు. నేనూ ఊపాను. సుత్తి ముందే జారిపోయింది కాబట్టి కొట్టలేకపోయాడు, కొట్టలేదు కాబట్టి నాకు వినపడలేదు. అలా కథ తయారైంది. ఒక్క మాట చెప్పకుండానే నేను నిర్దోషినైపోయాను.

ఆరు రోజులు ఆయన గొంతు లేకుండా ఇంట్లో ఉన్నాడు. మజ్జిగ తాగడం, పడుకోవడం. ఏదైనా కావాలంటే కాగితం మీద రాసేవాడు. నేను పక్కన కూర్చుని మోకాలికి మందు రాసేదాన్ని. రాస్తూ రాస్తూ, చెప్పెయ్యి, ఇప్పుడు చెప్పెయ్యి అనుకునేదాన్ని. మీరు కొట్టారు, నేనే ర్ర పెట్టుకుంటూ వినలేదు. ఆ రెండు ముక్కలకు నోరు వచ్చేది కాదు. ఓనరమ్మతో, పళ్ళ డాక్టరుతో, పాలవాడితో పోట్లాడే నోరు! చెప్తే ఏమవుతుంది? తిడతాడా? తిట్టినా బాగుండు. నన్ను చూసే చూపు మారుతుంది. పీటమీద కూర్చునేముందు ఒక్క క్షణం ఆగి నా చేతుల్ని చూస్తాడు. చెప్పకపోతే? మళ్ళీ ఎప్పుడో ఒకరోజు నా నాలుక దానంతటది లేస్తే?

ఏడో రోజున ఒక రొట్టెల బట్టీ పొగగొట్టం పని వచ్చింది. చిన్నది, ముప్పై అడుగులది. మా ఆయన గొంతు తిరిగొచ్చింది, నాలుక ఎప్పుడో వచ్చింది. నిచ్చెన దగ్గర నిలబడి బెల్టు బిగించుకుంటూ నావైపు తిరిగి ఒకసారి ర్ర్ర్ర్ అన్నాడు, సరిచూసుకోవడానికి. నేను చక్రం దగ్గరికి వెళ్ళాను. పిడి మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాను.

"నేను తిప్పను" అన్నాను.

"ఏం?"

"ఆ రోజు మీరు కొట్టారు. రెండు దెబ్బలు. కొట్టే ఉంటారు, నాకు వినపడలేదు. చప్పుడు లేకపోతే నా చెయ్యి తిరగలేదండీ. అందుకని నేనే ర్ర పెట్టుకున్నాను. నా ర్ర నేనే వింటూ మిమ్మల్ని..." ఆ మాట వదిలేసి పిడికి దూరంగా జరిగాను. "ఆరు రోజులనుంచీ చెప్పాలని చస్తున్నాను. చక్రం దగ్గర ఇంకెవరినైనా పెట్టుకోండి. నా వల్ల కాదు."

ఆయన బెల్టు బిగించడం ఆపాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"లోపలికి వినపడింది. నీ ర్ర. ఆ గొట్టంలో కింద పెట్టినా పైన పెట్టినా ఒకేలా వినపడుతుంది. ముందు నేను కొడుతూనే ఉన్నాను. ఇరవైసార్లు కొట్టి ఉంటాను. తర్వాత తెలిసిపోయింది, ఆ చప్పుడు ఉన్నంతసేపూ నువ్వు ఆపవని. నీ చెయ్యి నాకు తెలియనిదా?" ఆయన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "సుత్తి జారలేదు. నేనే వదిలాను."

చక్రం పక్కనే చతికిలబడ్డాను. "తెలిసి ఆరు రోజులు నోరు మూసుకున్నారా? మీ నాన్న ముందు తల ఊపారా? ఎందుకు అడగలేదు నన్ను?"

ఆయన నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. తీసేశాడు, మళ్ళీ పెట్టాడు. ఆయనకు కూడా భయమేనని నాకు అప్పటిదాకా తట్టలేదు.

"నువ్వు చెప్తావేమోనని చూశాను" అన్నాడు. "చెప్పకుండా ఇవాళ పిడి పట్టుకుని ఉంటే, ఇంటికెళ్ళిపోదామనుకున్నాను. ఇంకెప్పుడూ దిగకూడదనుకున్నాను."

అని, నా జవాబు కోసం ఆగకుండా, ఒక్కొక్క మెట్టూ పట్టుకుని మెల్లగా పైకెక్కడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు తుడుచుకుని లేచి నిలబడ్డాను. ఆయన కొసకు చేరి, పీటమీద కూర్చుని, లోపలికి తిరిగేదాకా చూసి, పిడి పట్టుకున్నాను.